సాదా... అంత సాదా మాటేం కాదు!

దోశ పక్కన చేరితే డబ్బు మిగులుతుంది. మనిషి పక్కన చేరితే మర్యాద పెరుగుతుంది. కాగితం పక్కన చేరితే మాత్రం కొన్ని ఇళ్లలో నిద్ర కరవవుతుంది. వికారాబాద్, తాండూరు వైపు పొద్దున లేస్తే వినిపించే రెండక్షరాల మాట కథ ఇది.

తాండూరు స్టేషన్‌కు దగ్గర్లో ఓ టిఫిన్ హోటల్. ఉదయం ఎనిమిది కావస్తోంది. ‘‘దో సాదా, ఏక్ మసాలా!’’ సర్వర్ కుర్రాడు వంటగదివైపు తిరిగి కేకేశాడు. పక్క టేబుల్‌ దగ్గర సేడం నుంచి వచ్చినట్టున్న ఇద్దరు ‘‘ననగూ సాదా’’ అన్నారు కన్నడంలో. ‘‘నాకూ సాదానే’’ అన్నాను నేను తెలుగులో. మూడు భాషల్లో ఆర్డర్లు వెళ్లాయి. పెనం మీద పడింది మాత్రం ఒకటే దోశ!

తిని బయటికొస్తే పాన్‌డబ్బా. ‘‘సాదానా, మీఠానా?’’ అన్నాడు ఆకు మీద సున్నం రాస్తూ. ఆ పక్కనే సెల్‌ఫోన్ల దుకాణం. ఓ పెద్దమ్మ కౌంటర్‌ మీద చెయ్యి పెట్టి ‘‘నాకు ఆ అద్దం ఫోనొద్దు బిడ్డా, సాదాది ఇయ్యి. ఒత్తితే మోగాలె, ఎత్తితే మాట్లాడాలె’’ అంటోంది. స్మార్ట్‌ఫోన్‌కీ మామూలు ఫోన్‌కీ తేడా ఇంత సూటిగా ఏ ప్రకటనలోనూ చెప్పలేదెవరూ.

గంట తిరగకముందే ఒకే మాట మూడుసార్లు ఎదురైంది. మూడుసార్లూ సరదాగానే ఉంది. ఆ రోజు సాయంత్రంలోపు నాలుగోసారి కూడా ఎదురైంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

పారశీకం నుంచి పాన్‌డబ్బా దాకా

‘సాదా’ పారశీక పదం. ఆడంబరం లేనిది, అలంకరణ లేనిది, నున్ననిది, ఏమీ రాయనిది... అన్నీ దాని అర్థాలే. ఉర్దూతో కలిసి దక్కన్‌కు వచ్చింది. వచ్చి ఇక్కడి తెలుగులో, కన్నడంలో, మరాఠీలో కాళ్లు చాపుకుని కూర్చుంది. వికారాబాద్ ప్రాంతంలో దానికి చోటు దొరకడంలో వింతేం లేదు. ఆ ఊరి పేరే హైదరాబాద్ రాజ్యానికి 1893 నుంచి 1901 దాకా ప్రధానిగా చేసిన వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వచ్చింది. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన పైగా ప్రభువు ఆయనే. అంత ఆడంబరమైన భవనం కట్టించినాయన పేరు పెట్టుకున్న ఊళ్లో ‘సాదా’ ఇంతగా చెలామణీ కావడం తమాషాయే!

కచేరీ మాటలన్నీ ఆ రాజ్యంలో ఉర్దూలోనే ఉండేవి. పట్టా, పహాణీ, ఖబ్జా, తహసీల్... రైతు చదివినా చదవకపోయినా అవి నోట పలకాల్సిందే. అలా నాగలి పట్టిన చేతులకూ పారశీకం అంటుకుంది. ‘సాదా కాగితం’ అంటే సగం తెలుగే అనుకుంటాం. నిజానికి ‘కాగితం’ కూడా పారశీక ‘కాగజ్’ నుంచి వచ్చిందే. మనది చివరన పెట్టిన సున్నా ఒక్కటే.

ఒత్తు పెడితే ఒప్పుకోదు

చాలామంది ‘సాధా సీదా’ అని రాస్తుంటారు. ‘సాధారణం’ అనే సంస్కృత పదానికి ఇది ముద్దుపేరనుకోవడం వల్ల వచ్చే పొరపాటు అది. ఆ రెండింటికీ చుట్టరికం లేదు. ‘సాదా’కు ఒత్తు లేదు. పేరుకు తగ్గట్టు ఆ చిన్న నగ కూడా పెట్టుకోలేదన్నమాట! ఇక దాని జోడీ ‘సీదా’ హిందీవైపు నుంచి వచ్చింది. తిన్ననిది, వంకర లేనిది అని అర్థం. పారశీకం పిల్ల, హిందీ పిల్లాడు తెలుగింట్లో కాపురం పెట్టి ‘సాదాసీదా’ అయ్యారు.

ఇలాంటి పోలికల తికమకలు ఇంకా ఉన్నాయి. ‘సదా’ అంటే ఎల్లప్పుడూ. అది సంస్కృతం. దీర్ఘం ఒక్కటి జారితే ‘సదా మీ సేవలో’ కాస్తా ‘సాదా మీ సేవలో’ అవుతుంది. కొన్ని ఆఫీసుల బోర్డుల మీద అదే రాసినా అబద్ధం కాదేమో! తెలంగాణలో ‘సాదుడు’ అంటే పెంచడం. ‘ముగ్గురు పిల్లల్ని సాదింది’ అంటారు. ఆ క్రియ వేరు, ఈ విశేషణం వేరు. లెక్కల పుస్తకాల్లో కనిపించే ‘సాదిల్వారు ఖర్చులు’ కూడా సాదా ఖర్చులు కావు. వచ్చేవీ పోయేవీ అనే అర్థంలో అరబ్బీ మాటల నుంచి వచ్చిన చిల్లర ఖర్చుల పద్దు అది.

లేదు... అయితే ఏంటట?

ఏదైనా లేకపోవడాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. ఉప్పూ కారం లేకపోతే చప్పిడి. కూర లేకపోతే ఉత్త అన్నం. మెడలో నగ లేకపోతే బోసి మెడ, నోట్లో పళ్లు లేకపోతే బోసి నోరు. చేతిలో ఏమీ లేకపోతే వట్టి చేతులు. మాటలో నిజం లేకపోతే ఉత్తుత్తి మాట. ఎంత పొదుపుగా ఉన్నాయో చూడండి! ఏ లోటుకు ఆ లోటుకు వేరువేరు మాట.

అయితే వీటన్నిట్లోనూ ఓ నిట్టూర్పు దాగుంది. ‘చప్పిడి కూడు’ అనగానే జ్వరం పడ్డ మనిషి గుర్తొస్తాడు. ‘బోసి మెడ’ అనగానే అయ్యో అనిపిస్తుంది. ‘వట్టి చేతులతో వచ్చాడు’ అంటే ఆ వచ్చినాయన గడపలోనే తలదించుకోవాలి. ‘సాదా’లో ఆ జాలి లేదు. సాదా చీర కట్టుకున్నావిడను చూసి ఎవరూ అయ్యో అనరు. సాదా దోశ తినేవాణ్ని పాపం అనుకోరు. ‘అది లేదు, లేకపోయినా ఫర్వాలేదు’ అని ధీమాగా చెప్పే మాట ఇది. ‘నిరాడంబరం’ అనే సంస్కృత పదం కూడా ఆ పని చేస్తుంది కానీ, దాన్ని వేదికల మీద తప్ప వాడలేం. ‘ఒక నిరాడంబర దోశ ఇవ్వండి’ అంటే సర్వర్ మేనేజర్ని పిలుస్తాడు!

‘మామూలు’ ఉంది కదా అంటారా? అదీ అరబ్బీ నుంచి వచ్చిందే. వాడుకలో ఉన్నది, అలవాటైనది అని అర్థం. పాపం, అది ఆఫీసుల్లో తిరిగి తిరిగి చెడిపోయింది. ‘మామూలు ఇచ్చావా?’ అంటే ఇప్పుడు అర్థం వేరు. లంచానికి ‘అలవాటైనది’ అని పేరు పెట్టడంలోనే మన వ్యవస్థ గుట్టంతా ఉంది. ‘సాదా’కు ఆ మచ్చ అంటలేదు.

మా పత్రికలవాళ్లు మాత్రం దాని పరువు కొంచెం తీశాం. పెద్దమనిషి గురించి రాస్తే ‘సాదాసీదా జీవితం’ మెచ్చుకోలు. మున్సిపల్ సమావేశం గురించి రాస్తే ‘సాదాసీదాగా సాగిన సమావేశం’ వెక్కిరింపు. అరుపుల్లేవు, వాకౌట్లు లేవు, కుర్చీలు లేవలేదు అని దాని భావం. నిజానికి సమావేశం అలాగే జరగాలి కదా! ఇక ఉర్దూ పత్రికల్లో మఫ్టీ పోలీసులు ‘సాదా లిబాస్’లో వస్తారు. దుస్తులు సాదావే. లోపలున్న మనిషిని సాదా అనుకుంటే మనకే నష్టం.

సాదా పలక

తాండూరు దాకా వచ్చి బండల ప్రస్తావన లేకుండా వెళితే బాగుండదు. తెలుగునాట ఎన్ని ఇళ్లలో ఈ ఊరి నాపరాయి పరిచి ఉందో లెక్కలేదు. నీలం బండ, పసుపు బండ... ఇక్కడి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. పుస్తకం పేజీల్లా పొర మీద పొర. వాటిని ఎత్తి, చదరాలుగా కోసి, పైముఖాన్ని పాలిష్ యంత్రం కింద పెడతారు. నీళ్లు పోస్తూ అరగదీస్తుంటే రాయి రంగు తేలి మెరుస్తుంది. అడుగు వైపు మాత్రం అలాగే వదిలేస్తారు. మెరుపు అవసరం పైకి. కింద సిమెంటు పట్టుకోవాలంటే గరుకు ఉండాల్సిందే. మనం నడిచేది పాలిష్ మీద. బండను కదలకుండా పట్టి ఉంచేది పాలిష్ లేని ముఖం.

ఆ బండల గుట్టలు చూస్తుంటే ఉర్దూలో ఓ మాట గుర్తొచ్చింది. ‘సాదాలౌహ్’. లౌహ్ అంటే పలక. సాదాలౌహ్ అంటే ఏమీ రాయని పలక. దాని వాడుకార్థం మాత్రం అమాయకుడు అని! కల్లాకపటం తెలియనివాడు, ఏం చెప్పినా నమ్మేవాడు. మెచ్చుకోలుకూ జాలికీ మధ్య సన్నగీత మీద నిలబడ్డ మాట ఇది. ఏమీ రాయని పలక మీద ఎవరు ఏదైనా రాసేయొచ్చు కదా.

నాలుగోసారి

మధ్యాహ్నం ఆటోలో ఓ పల్లెకు వెళ్లాను. రోడ్డుకు రెండువైపులా నల్లరేగడి. కంది చేలు. తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పంట గురించి నాలుగు మాటలు అడుగుదామని వెళ్లాను. చేను గట్టున ఓ పెద్దాయన. కంది గురించి చెప్పీ చెప్పీ, ‘‘పేపర్ సారువు కదా, జర ఓ కాయితం సూస్తవా?’’ అంటూ ఇంటికి తీసుకెళ్లాడు. ఇనుప పెట్టె అడుగు నుంచి ఓ ప్లాస్టిక్ కవర్ తీశాడు. లోపల మడతల దగ్గర చిరిగిన కాగితం. నాలుగు దిక్కులా హద్దులు, ఇచ్చిన సొమ్ము, కింద రెండు సంతకాలు, మూడు వేలిముద్రలు.

‘‘ఏం కాగితం తాతా ఇది?’’

‘‘సాదాబైనామా బిడ్డా. సాదా అంటే సాదానే. టికెట్లు లెవ్వు, ముద్దర్లు లెవ్వు. గప్పుడు మాట మీదనే నడిచె. కాయితం గూడ వొద్దన్న నేను. అమ్మినాయననే రాసిచ్చిండు, మంచోడు.’’

ఆ మంచాయన చనిపోయాడు. సాక్షుల్లో ఇద్దరు లేరు. అమ్మినాయన కొడుకు పట్నంలో ఉంటాడు. హైదరాబాద్ గాలి ఇటు వీచినప్పటి నుంచీ ఎకరం ధర ఎక్కడికో వెళ్లింది. ‘‘ఇది మా నాయన వేలిముద్దరే అని ఎట్ల నమ్మాలె అంటున్నడు. తప్పు పట్ట. ఆ పిలగానికేం తెలుసు? ఆయన అప్పుడు పుట్టనే లేదాయె.’’

దున్నింది ఈయన. రికార్డుల్లో పేరు అమ్మినాయనది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పెట్టుబడి సాయం పట్టాదారుకే వెళ్లింది. ‘‘పైసలు పట్నం పోయినయి, పంట నేను తీసిన’’ అని నవ్వాడు తాత. అదే ఏడాది వచ్చిన రైతుబీమా కూడా పట్టాదారుకే. రైతు చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షలు. సాదా కాగితం రైతు పోతే ఆ ఇంటికి మిగిలేది సాదా కాగితమే.

బైనామా లోపలి కథ

‘బై’ అంటే అరబ్బీలో అమ్మకం. ‘నామా’ అంటే పారశీకంలో పత్రం. రాజీనామా, పంచనామా అన్నీ ఈ కుటుంబమే. ఇంగ్లిషు ‘విల్’ను కూడా కలుపుకుని ‘వీలునామా’ చేసింది మనమే. ‘సాదాబైనామా’ అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం.

చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన విలువైన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన పత్రంతోనే చెల్లుతుంది. మరి తెలంగాణ పల్లెల్లో ఇన్ని తెల్ల కాగితాలు ఎందుకు పుట్టాయి? సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దూరం. స్టాంపు ఖర్చు భారం. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద వ్యవసాయ భూమి అమ్మాలంటే తహసీల్దార్ అనుమతి కూడా అవసరమయ్యేది. వీటన్నిటికంటే పెద్ద కారణం, ఊళ్లో ఎవరి చేను ఎవరిదో అందరికీ తెలుసు. పట్వారీకి తెలుసు, పటేల్‌కు తెలుసు. ఊరే రిజిస్టరు. 1980ల్లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. వాళ్లు చేసిన అన్యాయాలు తక్కువేం కాదు, పోవడం మంచిదే. అయితే వాళ్లతోపాటు ఏ చేను ఎప్పుడు చేతులు మారిందన్న జ్ఞాపకం కూడా కొంత పోయింది.

ప్రభుత్వాలకు ఇది తెలియక కాదు. 1971 నాటి భూమి హక్కుల రికార్డుల చట్టానికి 1989లో 5-ఎ అనే సెక్షన్ చేర్చారు. తహసీల్దార్ విచారించి సరేనంటే 13-బి సర్టిఫికెట్ వస్తుంది. తెల్ల కాగితానికి అప్పుడు రంగు వచ్చినట్టు. 2016లో తెలంగాణ ప్రభుత్వం చిన్న కమతాలకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తామంది. 2020 అక్టోబర్‌లో మరో అవకాశం ఇచ్చింది. నవంబర్ 10 దాకా గడువు. తొమ్మిది లక్షల దాకా దరఖాస్తులు వచ్చి పడ్డాయి. అన్ని ఇళ్లలో అన్ని ఇనుప పెట్టెలు!

ఈలోగా కొత్త చిక్కు. గడువు నడుస్తుండగానే, 2020 అక్టోబర్ 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 1971 చట్టం రద్దయింది. కొత్తదాంట్లో సాదాబైనామాలకు చోటే లేదు. చోటు లేని చట్టం కింద దరఖాస్తులు ఎలా తీసుకుంటారని హైకోర్టు బ్రేకు వేసింది. తాత దరఖాస్తు పెట్టింది ఆ గడువులోనే. తర్వాత అయిదేళ్లకు పైగా కంది వేశాడు, కోశాడు. దరఖాస్తు మాత్రం ఎక్కడిదక్కడే.

2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంలో మళ్లీ వీటికి చోటిచ్చారు. ఆ ఏడాది ఆగస్టులో హైకోర్టులో అడ్డు తొలగింది. సెప్టెంబర్‌లో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2014 జూన్ 2కు ముందు కొని, పన్నెండేళ్లుగా సాగులో ఉండి, 2020లో దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకు దారి తెరుచుకుంది. అయితే విచారణ ఉంటుంది. అమ్మినవాళ్లో వాళ్ల వారసులో ఏమంటారన్నది చూస్తారు. అది అవసరమే. తెల్ల కాగితం ఎవరైనా రాయొచ్చు. పాత తేదీ వేసి పుట్టించిన కాగితాలూ ఉంటాయి. పొలం ఉన్నవాడికి కూడా రక్షణ కావాలి. మోసం చేసే కాగితమూ, మోసపోయిన కాగితమూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండూ సాదావే!

ఏం లేదో తెలియాలి

తిరుగు బండికి టైమైంది. ‘‘కాగితం జాగ్రత్త తాతా. పాత పహాణీలు, శిస్తు రసీదులు ఏమున్నా ఒక్కచోట పెట్టుకో. మండలాఫీసులో దరఖాస్తు నంబరు చూపించి అడుగు. హద్దు రైతులతో సాక్ష్యం చెప్పించుకో’’ అన్నాను. నాకు తెలిసింది అంతే. ఆయన తలూపాడు. కవర్ మడిచి పెట్టెలో పెడుతూ అన్నాడు: ‘‘సాదాగుంటె సాలు అనుకున్నం బిడ్డా. సర్కారుకు సాలదని ఎవలు సెప్పలె.’’

రైల్లో కూర్చున్నాక ఆ మాటే తిరుగుతోంది. ‘సాదా’ అంటే ఏదో ఒకటి లేదని. అది మంచిదా చెడ్డదా అన్నది ఏం లేదన్న దాన్నిబట్టి ఉంటుంది. దోశలో ఆలుగడ్డ లేకపోతే నష్టం లేదు. మనిషిలో డాంబికం లేకపోతే అదృష్టం. కాగితం మీద ముద్ర లేకపోతే మాత్రం, ఉన్నన్నాళ్లూ ఫర్వాలేదనిపించి, అవసరం పడ్డ రోజున చేయిస్తుంది. ‘లేకపోయినా ఫర్వాలేదు’ అనే ధీమా ఆ మాటకు బలం. ఆ ధీమాను నమ్మి పొలం కొన్నవాళ్లకు అదే బలహీనత అయింది. వాళ్లు మాటను తప్పుగా అర్థం చేసుకోలేదు. ఊరు ఒక అర్థం చెప్పింది, ఆఫీసు ఇంకో అర్థం చెప్పింది. అంతే.

కాబట్టి పాఠకులకు చిన్న సలహా. ‘సాదా’ రాసేటప్పుడు ఒత్తు పెట్టకండి. పెళ్లి, తిండి, బట్ట, మాట ఎంత సాదాగా ఉంటే అంత మేలు. భూమి దగ్గర మాత్రం, కొనేది సొంత బావమరిది దగ్గరైనా సరే, కాగితాన్ని సాదాగా వదలకండి.

వికారాబాద్ దాటుతుండగా చిల్లర కోసం జేబులో చెయ్యి పెడితే పొద్దుటి హోటల్ బిల్లు తగిలింది. దాని మీద నంబరుంది, తేదీ ఉంది, టైముంది, హోటల్ పేరుంది. కింద పన్ను లెక్క కూడా ఉంది.

సాదా దోశకే!